తెల్లదాంట్ల ఎవరూ లేరు

నా భార్య ఉద్యోగం వైన్ నోట్లో పోసుకుని ఉమ్మేయడం. ఈ మాట చెబితే మేడ్చల్‌లో నవ్వని మనిషి లేడు. "మింగకుండనా? గదేం నౌకరీ అన్నా! మా ఇంట్ల ఒకడున్నడు, ఉమ్ముడు తప్ప అన్నీ చేస్తడు" అన్నాడు ఒకాయన మా కర్రీ పాయింట్ దగ్గర సాంబారు కట్టించుకుంటూ. నాకూ నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. హైమవతి ఎమ్మెస్సీ చదివిన మనిషి. తెల్ల కోటు వేసుకుని, తెల్లబట్ట పరిచిన బల్ల మీద వరసగా పెట్టిన గ్లాసుల ముందు కూర్చుని, ఏది ఏ దేశపు వైనో, ఏ కొండదో, ఆ ఏడు అక్కడ వానలెలా పడ్డాయో చెప్పాలి. మింగుతూ పోతే నాలుగో గ్లాసుకే బుర్ర తిరుగుతుంది. అందుకే పక్కన స్టీలు బకెట్టు పెట్టుకుని అందులో ఉమ్ముతారు.

అయినా ఆ నాలుకను ముందు కనిపెట్టింది ఆమె పనిచేసే వైన్ ల్యాబు వాళ్ళు కాదు, నేను. నేను వండేటప్పుడు రుచి చూడను. మా నాయన పెళ్ళిళ్ళకు వండేవాడు. గరిటె నోటిదాకా పోతే గంగాళమంతా ఎంగిలైనట్టే ఆయన లెక్క. నాకూ అదే అలవాటు. వాసన చూస్తాను, ఉడుకు చూస్తాను, అంతే. హైమ అప్పుడు మా సందులో హాస్టల్లో ఉండేది. ఒకరోజు పప్పు పొట్లం పట్టుకుని వెనక్కి వచ్చి, "ఏమండీ, చింతపండు పాతది వేసిన్రు గదా?" అంది. మొహం మీద తలుపు వేసినంత పని చేశాను. తర్వాత డబ్బా మూత తీసి చూసుకుంటే చింతపండు నల్లగా, చెమ్మపట్టి ఉంది. మర్నాడు నేనే పిలిచి ఆమె అరచేతిలో చారు చుక్క వేశాను. పెళ్ళయ్యాక కూడా రోజూ పొద్దున అదే పని. ఒక్కో గిన్నెలోంచి ఒక్కో చుక్క ఆమె అరచేతిలో వేస్తాను. ఆమె నాకి, "ఉప్పు", "కొంచెం పులుపు", "దించెయ్" అంటుంది. మా దుకాణం నడిచింది ఆ మూడు మాటల మీదే.

ల్యాబు మేడ్చల్ దాటాక ద్రాక్షతోటల మధ్య ఉంది. దాని పెద్ద డాక్టర్ నీలకంఠం. మెల్లగా మాట్లాడతాడు, అందరినీ అమ్మా, నాయనా అంటాడు. ఆయన కనిపెట్టిందే పొర. హైమ బుగ్గ లోపలి నుంచి కొన్ని కణాలు గీరి తీసుకుని, గాజు పళ్ళెంలో పెంచాడు. పాల మీద మీగడ కన్నా పల్చన. నాలుక మీద పరిస్తే అతుక్కుపోతుంది, మామూలు నాలుకకు అందని రుచులన్నీ అందుతాయి. సాయంత్రం ఒక మందునీళ్ళతో పుక్కిలిస్తే ఊడిపోతుంది. ఖరీదైన వైన్లలో కల్తీ పట్టుకోవడానికని మొదలుపెట్టారు.

మొదటిసారి పొర పరిచిన రోజున నేను క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళాను. అద్దం గోడ అవతల కూర్చోమన్నారు. హైమ మొదటి ఎర్ర గ్లాసు తీసుకుని నోట్లో తిప్పి, ఉమ్మి, కళ్ళు మూసుకుంది.

"ఇది జార్జియాది సార్. మట్టి కుండల పులిసింది. కుండను భూమిల పాతిపెట్టిన్రు. లోపల తేనెమైనం పూసిన్రు."

సీసా మీది కాగితం చూసి నీలకంఠం తలూపాడు. తర్వాతది చిలీ ఎరుపు. "తోట పక్కన నీలగిరి చెట్లున్నయ్" అంది. నాసిక్ ఎరుపుకి, "కోతకు ముందు వాన పడ్డది, పండు ఉబ్బింది" అంది. నేను నోరెళ్ళబెట్టుకుని చూస్తున్నాను. గర్వంగా లేదంటే అబద్ధమే. పక్కన నిలబడ్డ వాచ్‌మన్‌తో "మా ఆవిడే" అన్నాను కూడా.

తర్వాత ఫ్రాన్స్ ఎరుపు తీసుకుంది. నోట్లో పోసుకున్నాక చాలాసేపు ఉమ్మలేదు.

"దీన్ని తెంపినామె చేతికి గాయం ఉండె. కట్టు కట్టుకోకుండనే తెంపింది. జరం కూడ ఉన్నది సార్. మామూలు జరం కాదు." మళ్ళీ కొంచెం తీసుకుని, ఈసారి గబుక్కున ఉమ్మేసింది. "బతకలేదేమో ఆమె."

 ఆఖరుది తెల్ల వైన్, మంచుకొండల కింద రాళ్ళ నేలలో పండింది. హైమ దాన్ని నోట్లో పోసుకుని, ఊపిరి వదిలి, "దీంట్ల ఎవరూ లేరు. రాయి, మంచు, అంతే" అంది.

క్యారియర్ విప్పుతుంటే నాకు అర్థమయ్యేలా చెప్పింది. తెల్లదానికి ద్రాక్షను పిండి రసమే తీసుకుంటారు, తొక్క పారేస్తారు. ఎర్రదాన్ని తొక్కతోనే పులియబెడతారు. తోటలో ద్రాక్షను ఎవరి చేతులు ముట్టుకున్నా, ఏ దుమ్ము పడ్డా ఆ తొక్క మీదే ఉంటుంది, అదంతా ఎర్ర వైన్‌లోకి దిగుతుంది. "మనుషులంత తొక్క మీదనే ఉంటరు నర్సింగ్" అంది. నాకు ఆ మాట నచ్చలేదు. తినమని పప్పన్నం కలిపి ఇచ్చాను.

ల్యాబు వాళ్ళు పొర గురించి జాగ్రత్తలు చెప్పారు. ఆమె గ్లాసు, కంచం వేరే పెట్టాలి. ఎవరికీ ఎంగిలి పెట్టకూడదు. హైమ వాటిని మడి కట్టుకున్న మనిషిలా పాటించింది. మా అమ్మాయి వెన్నెల మూడో క్లాసు. పిల్ల తన గ్లాసు ముట్టుకుంటే హైమ కసిరేది. అయితే సాయంత్రం బస్సు దిగి వస్తూ హైమ పల్లిపట్టి తెచ్చేది. వెన్నెల తన గౌను అంచు దాని మీద కప్పి, "కాకి ఎంగిలి!" అని అరిచేది. బట్ట మీంచి తల్లి సగం కొరికి, అదే బట్ట మీంచి పిల్ల మిగతా సగం కొరికేది. బట్ట అడ్డం ఉంటే ఎంగిలి కాదు. మనమందరం బళ్ళో జామకాయలు, జీళ్ళు అలాగే పంచుకుని పెరిగాం. ఎవరైనా దాన్ని ఎంగిలి అంటే నవ్వుతాం. ఆ పిల్ల రోజంతా ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే.

ఒక పంటకాలం గడిచాక ఒక పొద్దున వంకాయ కూర చుక్క అరచేతిలో వేస్తే హైమ మొహం చిట్లించింది. "పొద్దున్నే ఎవరితోని కొట్లాడినవ్?"

గ్యాసు సిలిండర్ వాడితో కొట్లాడిన మాట నిజమే. "నీకెట్ల తెలుసు?"

"నీ చెమట వాసన మారింది. వంకాయలకు మందు కొట్టిన్రు. నూనె డబ్బా తుప్పు పట్టింది."

"నువ్వు పుక్కిలించలేదా నిన్న?"

"పుక్కిలించిన. పోతలేదు." నాలుక బయటపెట్టి చూపించింది. నాలుకబద్దతో గీకినా రాలేదట. పొర నాలుకలోకి వేళ్ళు దింపింది.

మొదట్లో నవ్వుకున్నాం. వెన్నెల రోజూ, "అమ్మా, ఇయ్యాల నాన్న ఏం వండంగ ఏం పాట పాడిండో చెప్పు" అని ఏడిపించేది. కానీ నవ్వు ఎన్నాళ్ళు? అన్నం నోట్లో పెట్టుకుంటే గోనెసంచి, గోదాం, ఎలుకలు. పాలలో పశువు పొదుగు మీది పుండు. నీళ్ళలో పైపు, ఆ పైపును వెల్డింగ్ చేసినవాడి బీడీ. ఒక ముద్ద తిని రెండో ముద్దకు కక్కుకునేది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఆకలేసి ఏడుస్తూ ఉండేది, తినమంటే ఇంకా ఏడ్చేది. ల్యాబు నుంచి తెచ్చుకున్న ఆ మంచుకొండల తెల్ల వైన్ మాత్రం గుక్కెడు మింగేది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చుక్క మింగని మనిషి.

"గిదొక్కటే పడుతున్నది. దీంట్ల ఎవరూ లేరు" అనేది, ఎంతో హాయిగా.

నాకు ప్రాణం చివుక్కుమనేది. నా కూరలో నేనుండటమే ఆమెకు పడటం లేదు. అన్నం లేకుండా ఒక మనిషి ఎన్నాళ్ళు ఉంటుంది? చచ్చిపోతుందని భయం పట్టుకుంది నాకు.

ఒకరోజు దుకాణం మూసేసి స్కూటర్ మీద ఆమెను తీసుకుని నేరుగా ల్యాబుకు పోయాను. నీలకంఠం గదిలోకి దూరి, "అది పీకి పారేస్తవా లేదా?" అన్నాను. మామూలుగా పెద్దవాళ్ళను మీరు అంటాను. ఆ రోజు నోరు తిరగలేదు.

"కూర్చో నాయనా. ఈ రెండు గ్లాసులు ఒక్కసారి చూస్తే తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడాయన, నా మాట వినపడనట్టే. ల్యాబు సొంత తోటలో కొత్త పంట వైన్ అది, ఒక ఎరుపు, ఒక తెలుపు. హైమ ఓపిక లేకపోయినా కూర్చుంది. తెల్లది చూసి, "మంచిగున్నది. ఎవరూ లేరు" అంది. ఎర్రది నోట్లో పోసుకుంది. గ్లాసు చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"నేను" అంది.

"ఏంటమ్మా?"

"దీంట్ల నేనున్న సార్. నా నాలుక ఉన్నది. నా పొర." లేచి నిలబడింది. "నేను ఉమ్మిన బకెట్టు ఎక్కడ పారబోస్తున్నరు?"

ఎక్కడేముంది? వైన్ తీయగా మిగిలిన ద్రాక్ష పిప్పి కుప్ప మీద. బకెట్లో ఉన్నది ద్రాక్షే కదా, ద్రాక్షలోకే పోనీ అనుకున్నారు అక్కడ అందరూ. ఆ పిప్పి ఎరువై తీగల మొదళ్ళకు చేరింది. అందులో పొర చావలేదు. తీగ పట్టుకుని పైకి పాకి, పండు తొక్క మీద బూడిదలా పరుచుకుంది. తొక్క తీసేసిన తెల్లదాంట్లోకి రాలేదు. ఎర్రదాంట్లో దిగింది.

నీలకంఠం మొహంలో భయం కోసం చూశాను. లేదు. ఆయన ఒలికిన వైన్‌ను వేలితో తాకి, "కంగారు పడకమ్మా" అన్నాడు. "అది నీ కణాలతో తయారైంది. పరాయి నాలుక మీద గంట బతికితే ఎక్కువ. నీ నాలుక మీద నిలిచింది నీది కాబట్టే. నీ రక్తం కానివాళ్ళలో ఎక్కడా వేళ్ళూనదు. కానీ ఆ గంట ఉంది చూశావూ! ఒక గ్లాసు తాగినవాడికి గంటసేపు నీ నాలుక వస్తుంది. ప్రపంచంలో ఇంకే వైన్ ఇస్తుంది అది?"

నేను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను.  తిరిగి వస్తుంటే హైమ స్కూటర్ వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "పల్లిపట్టి" అంది.

"ఆకలైతున్నదా? ఆపాల్నా?"

"కాకి ఎంగిలి నర్సింగ్. వెన్నెల నా రక్తమే గదా."

బండి పక్కకు తీసి ఆపాను. అయినా, "నడుమ బట్ట ఉంటది గదా" అన్నాను.

"బట్టకేం తెలుసు అది ఎంగిలో కాదో!" అని నా వీపు మీద తల ఆనించి ఏడ్చింది. ఇంత చదువుకున్న మనిషి, గ్లాసు వేరే, కంచం వేరే పెట్టుకున్న మనిషి. ఆ తడిసిన గౌను అంచు మాత్రం ఆమె లెక్కలోకి రాలేదు. నా లెక్కలోకీ రాలేదు, ఎవరి లెక్కలోకీ రాదు.

ఇంటికి రాగానే వెన్నెలకు రెండు గ్లాసుల నీళ్ళిచ్చాను, ఒకటి బోరువి, ఒకటి నల్లావి. తాగి మూతి తుడుచుకుని, "రెండూ నీళ్ళే గదా నాన్నా" అంది. నేను దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. హైమ దూరంగా గోడకానుకుని నిలబడింది. "నాకు వేళ్ళు దిగేటందుకు నెలలు పట్టినయ్" అంది. దగ్గరికి మాత్రం రాలేదు. ఆ రోజు నుంచి పల్లిపట్టి బంద్. "నేనేం తప్పు చేసినమ్మా?" అని పిల్ల గౌను అంచు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. హైమ లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. నేను ఆ తలుపుకు ఇవతల ఒకరిని, అవతల ఒకరిని బుజ్జగిస్తూ తిరిగాను.

పట్నంలో నాలుక డాక్టరు ఒక్కటే దారి చెప్పాడు. పైపొర మొత్తం కాల్చేయాలి. రుచి ఇక ఈ జన్మకు రాదు.

"వద్దు హైమా, ఇంకేదన్న చూద్దాం" అన్నాను.

"నీ కూర రుచి తెల్వకుండ బతుకుడు నాకు మాత్రం ఇష్టమా?" అంది. "కానీ నాకు ఆకలైతున్నది. అది నా నోట్ల ఉన్నంతసేపు నా బిడ్డను ముద్దు పెట్టుకోలేను. కాల్పియ్యి."

నీలకంఠం ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. తోటలో తర్వాతి పంటకు తొక్క మీద పొర ఎండిపోతోందట, గాజు పళ్ళెంలోనూ నిలవడం లేదట. బతికున్న నాలుక మీది నుంచి మళ్ళీ మళ్ళీ గీరి పెంచుకుంటే తప్ప దానికి ఆయువు లేదు. "కాల్చేస్తే అంతా పోతుందమ్మా. నీలాంటి నాలుక మళ్ళీ దొరకదు" అని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. హైమ మొహం తిప్పుకుంది. కాల్చేశారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి శాంతంగా, పళ్ళ బుట్టతో. నన్ను వరండాలోకి పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

"పాప ఎలా ఉంది నాయనా? ఈమధ్య ఏం తింటోంది?"

"అన్నీ తింటది. రాళ్ళు తిని అరిగించుకుంటది" అన్నాను.  ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

హైమ ఇంటికొచ్చింది. నాలుక మందంగా తిరిగేది. కానీ తినేది. గిన్నెడు అన్నం, ఆపకుండా, కళ్ళనీళ్ళు పెట్టుకుని. అంతకన్నా నాకేం కావాలి? వెన్నెలను ఒళ్ళో వేసుకుని మొహమంతా ముద్దులు పెట్టింది. ఒక పొద్దున అలవాటు కొద్దీ పప్పు చుక్క ఆమె అరచేతిలో వేశాను. ఆమె కూడా అలవాటు కొద్దీ నాకి, నా మొహంలోకి చూసి, "దించెయ్. సరిపోయింది" అంది. మధ్యాహ్నం పొట్లాలన్నీ వెనక్కొచ్చాయి. ఉప్పే వేయలేదు నేను. ఆమెతో చెప్పలేదు.

ఇలాగైనా బతికేస్తాం అనుకున్న రోజుల్లోనే, ఒక ఆదివారం పొద్దున, ల్యాబు కారు వచ్చి గుమ్మంలో ఒక డబ్బా దింపిపోయింది. నేను దుకాణంలో పొయ్యి దగ్గర ఉన్నాను, హైమ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. మేము వచ్చి చూసేసరికి వెన్నెల డబ్బా విప్పేసింది. రిబ్బను కట్టిన రెండు సీసాలు. వైన్ కాదు, ద్రాక్షరసం. ఒకటి తొక్కతో ఉడికించి తీసిన ఎరుపు, ఒకటి తొక్క తీసి పిండిన తెలుపు. "చిన్నారి వెన్నెలకు, నీలకంఠం తాతయ్య" అని చీటీ ఉంది. పిల్ల రెండు స్టీలు గ్లాసుల్లో పోసుకుని, ఒకదాని తర్వాత ఒకటి, కళ్ళు మూసుకుని చప్పరిస్తోంది.

ఆ కళ్ళు మూసుకోవడం నేను ల్యాబు అద్దం గోడ ఇవతల నుంచి చూసిందే.

"నాన్నా," అంది, సంబరంగా. "తెల్లదాంట్ల ఎవరూ లేరు. ఎర్రదాంట్ల అమ్మ ఉన్నది!"

హైమ చేతిలోని బకెట్టు కింద పెట్టింది. ఏడవలేదు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు బుగ్గలూ పట్టుకుంది. "ఇది ఎప్పటిసంది?"

"మొన్నటిసంది. అన్నంల సంచి ఉన్నది. నీళ్ళల్ల పైపు ఉన్నది. నువ్వు ఏడుస్తవని చెప్పలే."

"విను బిడ్డా. ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పొద్దు. బడిల గాని, తాతయ్యకు గాని. ఎవరన్న అడిగితే రెండూ ఒక్కటే లెక్క ఉన్నయి, తియ్యగున్నయి అనాలె. ఏమంటవ్?"

"రెండూ ఒక్కటే లెక్క ఉన్నయి."

"మళ్ళ అను."

"రెండూ ఒక్కటే లెక్క ఉన్నయి, తియ్యగున్నయి."

పట్నం డాక్టరు మొహం నా కళ్ళ ముందుకొచ్చింది. తొమ్మిదేళ్ళు నిండని పిల్ల నాలుక. కాల్చకపోతే పిల్ల తిండి పడక చస్తుంది, కాల్చకుండా ఆ ల్యాబు చేతికి చిక్కితే బతికినన్నాళ్ళూ దాని నాలుక గీరుతూనే ఉంటారు. "సామాన్లు సర్దు. మీ అక్క దగ్గరికి పోదాం" అన్నాను హైమతో. అప్పుడే ఫోన్ మోగింది. నీలకంఠం. ఎత్తకపోతే అనుమానం వస్తుందని హైమ సైగ చేసింది. ఎత్తి స్పీకర్ పెట్టాను.

"రసం అందిందా నాయనా? ఏదీ, ఒక్కసారి పాపకు ఇవ్వు."

వెన్నెల తల్లి కళ్ళలోకి చూస్తూ, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా అంది. "తాగిన తాతయ్యా. రెండూ ఒక్కటే లెక్క ఉన్నయి. తియ్యగున్నయి."

  హైమ పిల్ల చెయ్యి పట్టుకునే ఉంది.

"ఎర్రది వగరు తల్లీ, తెల్లది పులుపు" అన్నాడు నీలకంఠం, ఎప్పటిలాగే మెల్లగా. "ఏ పిల్లకు ఇచ్చినా ఆ మాత్రం తెలుస్తుంది. ఒక్కటే లెక్క ఉన్నాయని చెప్పమని నీకెవరు నేర్పారు?"